ఊ కొట్టని కుర్చీ

పెద్దాయన నేర్పిన మొదటి పాఠం చట్టం గురించి కాదు, మెడ గురించి.

"బెంచి ఎక్కి కూర్చున్నాక మన మెడ మనది కాదమ్మా," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "సాక్షి చెప్పేది వినండి, రాసుకోండి. తల మాత్రం ఊపకండి. మీరు మర్యాదకి ఊపుతారు. వాళ్ళు మీరు తీర్పు చెప్పేశారనుకుంటారు."

"అలాగేనండీ," అంటూ చిన్న జడ్జి తల ఊపింది.

పెద్దాయన ఆమెకేసి కాసేపు చూసి, కళ్ళజోడు పెట్టుకుని, పదండి అన్నట్టు లేచాడు.

ఆమెను చిన్న జడ్జి అనడం కోర్టులో అందరికీ అలవాటైపోయింది గానీ, నిజానికి ఇంకా జడ్జి కాలేదు. రాత పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలో వరసగా కూర్చున్న పెద్దమనుషులు గుచ్చి గుచ్చి అడిగితే తడబడకుండా చెప్పింది. ఇక మిగిలింది శిక్షణ. పెద్దాయన కుర్చీ పక్కన, కాస్త ఎత్తు తక్కువగా, చేతులు లేని కుర్చీ ఒకటి వేశారు. అందులో కూర్చుని ఆయన కోర్టు నడిపే తీరు చూడాలి. ఆయన ఎంచి ఇచ్చిన ఒక కేసులో తానూ సొంతంగా తీర్పు రాయాలి. ఆ తీర్పు ఎవరికీ చెల్లదు, మార్కులకు మాత్రమే. ఆయన బాగుందంటే ఆమెకు సొంత కోర్టు వస్తుంది. బాగోలేదంటే మళ్ళీ లాయరుగా వరండాలో క్లయింట్ల కోసం నిలబడాలి.

మెడ విషయంలో తప్పంతా ఆమెది కూడా కాదు. చిన్నప్పుడు నానమ్మ పక్కలో పడుకుని కథలు విన్న పిల్ల. ఊ కొట్టకపోతే నానమ్మ కథ ఆపేసేది. రాజకుమారుడు కోట గోడ మీద సగం ఎక్కి ఉన్నా సరే, వాడినక్కడే వేలాడదీసి అటు తిరిగి పడుకునేది. అలా పెరిగిన మనిషి ఎవరైనా నోరు తెరిచి బాధ చెప్పుకుంటుంటే ఊరికే బొమ్మలా ఎలా కూర్చుంటుంది?

ఆ రోజు వచ్చిన కేసు టైలరమ్మది. చిన్న జడ్జి రాయాల్సిన తీర్పు కూడా అందులోనే. బజారులో మేడ కింద, మెట్ల పక్క గదిలో టైలరమ్మ మిషను పెట్టుకుని చాలా ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. మేడ సొంతదారు, అందరూ ఇంటాయన అనే మనిషి, ఆ గది తన కొడుక్కి కావాలని రెండేళ్ళ కిందట దావా వేశాడు. కొడుకు అందులో కళ్ళజోళ్ళ షాపు పెడతాడట. అవసరం నిజమైతే గది ఖాళీ చేయించవచ్చు, కాకపోతే కుదరదు. కేసంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తోంది.

ముందు కొడుకు బోనెక్కాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో కారు తాళం. టైలరమ్మ లాయరు ముసలాయన, మంచివాడు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని దాన్నే వెతుక్కునే రకం. ప్రశ్నలు ఒక దారిలో వెళ్ళేవి కావు.

"మీ మేడ కింద ఆవిడ గది పక్కన ఏముంది?"

"చెప్పుల షాపండి."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానాకాలం నుంచి. అంతకుముందు ఖాళీగా ఉండేది. మేమే అద్దెకిచ్చాం."

"సరే. మీకు కారుందా?"

"ఉందండి."

"చూశారా అయ్యా, కారుంది," అన్నాడు లాయరు, ఏదో పట్టుకున్నట్టు. కోర్టులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దాయన సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపిస్టుకు చెప్పి రాయించాడు. టైపు మిషను టకటకలాడింది. మరో సాక్షిని పిలవమన్నాడు.

టైలరమ్మ వచ్చి బోను కమ్మీ పట్టుకుంది. పొట్టి మనిషి. కుడిచేతి వేళ్ళ చివర్లు కత్తెర పట్టీపట్టీ గట్టిపడి ఉన్నాయి. మెడలో టేపు వేలాడుతూనే ఉంది, పనిలోంచి లేచి వచ్చి తీయడం మరిచిపోయినట్టుంది.

"ఆ గది మీకెందుకు కావాలో అయ్యగారికి చెప్పండి," అన్నాడు లాయరు.

"వెలుగు కోసమండి."

లాయరు కంగారుపడ్డాడు. ఆయన నేర్పి తీసుకొచ్చిన జవాబు అది కాదు. ఆవిడ మాత్రం ఆయన వైపు చూడలేదు.

"మిషను గుమ్మంలో వేసుకుంటానండి. అక్కడ వెలుగు పక్కనుంచి పడుతుంది. ఎదురుగా పడితే కళ్ళు జిగేల్మంటాయి, వెనకనుంచి పడితే నా నీడే నాకు అడ్డం. స్కూలు పిల్లల ప్యాంట్లన్నీ ముదురు నీలం. మీ లాయరు బాబుల కోట్లు నలుపు. నల్ల గుడ్డ మీద నల్ల దారం పగటి వెలుగులోనే కనిపిస్తుందండి. దీపం కింద గుడ్డ మెరుస్తుంది, కుట్టు కనపడదు." మాట్లాడుతూనే ఎడమచేత్తో లేని గుడ్డను ముందుకు తోసి, కుడిచేతి బొటనవేలితో అంచు మడిచి చూపించింది. "నా కళ్ళు కూడా ఇప్పుడు అంతంతమాత్రం. ఆ గుమ్మం పోతే పని పోయినట్టేనండి."

చిన్న జడ్జి తన కోటు చేతి అంచు చూసుకుంది. నల్ల గుడ్డ మీద నల్ల కుట్టు, చీమల బారులా తిన్నగా పోతోంది. ఎవరో ఎక్కడో వెలుగుకేసి తిప్పుకుని కుట్టిందే కదా అనుకుంది. తల ఎత్తేసరికి టైలరమ్మ తనకేసే చూస్తోంది.

"ఊ," అంది చిన్న జడ్జి, తల ఊపుతూ.

టైలరమ్మ ముఖం తేటపడింది.

పెద్దాయన టైపిస్టు వైపు తిరిగాడు. "రాయండి. సదరు గదిలో వెలుతురు సదుపాయంగా ఉన్నందున ప్రతివాది ఖాళీ చేయుటకు ఇష్టపడుట లేదు."

అప్పుడు ఇంటాయన లాయరు లేచాడు. మేడ వెనక, మెట్ల కింద ఇంకో గది ఉందనీ, ముందు గది వదిలేస్తే ఆవిడకు ఆ వెనక గది శాశ్వతంగా ఇచ్చేయడానికి తన క్లయింటు సిద్ధమనీ, కావాలంటే ఇప్పుడే రాసిస్తామనీ అన్నాడు. పెద్దాయన టైలరమ్మను అడిగాడు. భోజనాల వేళయ్యాక ఆలోచించుకుని చెప్పమన్నాడు.

ఛాంబరులోకి వెళ్ళాక ఆయన కోటు విప్పి కొక్కానికి తగిలించాడు.

"ఇవాళ మీరు ఊ కొట్టారు. పైకి వినపడింది."

"సారీ సర్. అలవాటు."

"ఆవిడ కూడా చూసింది," అని ఆయన క్యారేజీ విప్పుకున్నాడు.

మధ్యాహ్నం కోర్టు మొదలయ్యాక టైలరమ్మ మళ్ళీ నిలబడింది. ముసలి లాయరు ఆవిడ పక్కనే, తీసుకోమ్మా తీసుకో అన్నట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. పెద్దాయన అడగ్గానే ఆవిడ ఆయన్ని కాక పక్క కుర్చీని చూసింది. చిన్న జడ్జి ఈసారి మెడ బిగించుకుని కాగితాల్లోకి చూస్తోంది.

"వెనక గది వద్దండి," అంది టైలరమ్మ. "నాకు తీర్పే కావాలి."

చిన్న జడ్జికి లోపల్లోపల భలే సంతోషం వేసింది. భయపడి రాజీ పడలేదు, ఎంత ధైర్యం అనుకుంది.

*

సెలవు రోజు మధ్యాహ్నం చిన్న జడ్జి టేబుల్ నిండా కాగితాలు పరుచుకుని కూర్చుంది. తల్లి పక్కన నిలబడి ఆమె తెల్ల కాలర్లకు ఇస్త్రీ చేస్తోంది.

"ఎదురింటావిడ అడిగింది," అంది తల్లి. "వాళ్ళమ్మాయిని జడ్జి చెయ్యాలట. ఏం చదివించాలి, ఏం చెయ్యాలి అంటూ ఒకటే అడగడం."

"ఏం చెప్పావు?"

"లా చదవాలి, కొన్నాళ్ళు కోర్టులో తిరగాలి, పరీక్ష రాయాలి అన్నాను. అవన్నీ ఎలాగో చేస్తారు గానీ, అసలు కష్టం తరవాతుంది, ఎవరింటికీ పోకూడదు, ఎవరితోనూ ఊసులాడకూడదు, మీరూ నేనూ ఇలా గుమ్మంలో నిలబడి మాట్లాడుకోవడం కూడా బంద్ అన్నాను. అయితే మా వల్ల కాదులెండి అంది. పిల్ల సంగతి కాదు, తన సంగతి."

కూతురు నవ్వి, మళ్ళీ చదవడంలో పడింది. టైపు చేసిన సాక్ష్యం నాలుగోసారో ఐదోసారో తిరగేస్తోంది. టైలరమ్మ ఏళ్ళ తరబడి ఉంటోందన్నది నిజమే, కానీ ఏళ్ళ తరబడి ఉన్నంత మాత్రాన గది సొంతమైపోదు. జాలి తీర్పుకు పనికిరాదు. ఇంటాయన అవసరం నిజం కాదని తేలాలి. అది ఎక్కడా తేలడం లేదు.

అలా చదువుతూ చదువుతూ చెప్పుల షాపు దగ్గర ఆగింది.

పోయిన వానాకాలం దాకా ఖాళీగా ఉండేది. మేమే అద్దెకిచ్చాం.

దావా వేసి రెండేళ్ళయింది. అంటే దావా నడుస్తుండగానే టైలరమ్మ గదిని ఆనుకుని ఉన్న గది ఖాళీగా ఉంది. కొడుక్కి కళ్ళజోళ్ళ షాపు పెట్టాలని అంత ఆరాటపడుతున్న తండ్రి ఆ గది కొడుక్కివ్వకుండా ఎవరికో అద్దెకిచ్చాడు. ఇక అవసరం ఎక్కడుంది? ఆ మాట కొడుకు నోటివెంటే వచ్చింది. రాయించింది పెద్దాయన. అడిగిన లాయరు కారు మీద పడి దీన్ని దాటేశాడు, వాదనలో కూడా ఎత్తలేదు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "అమ్మా, ఆవిడ గెలవాలి."

"ఎవరు?"

"చెప్పకూడదు."

"చెప్పకపోతే పోనీ. కాలరు మీద సిరా మరక పోలేదు, అది చూడు ముందు," అంది తల్లి.

ఆ మధ్యాహ్నమంతా రాసింది. దావా ఏమిటి, ఎవరేమన్నారు, తేల్చాల్సిన అంశమేమిటి, సాక్ష్యంలో ఏముంది అని వరసగా రాసుకుంటూ వచ్చి, చివర్లో దావా కొట్టివేయడమైనది అని రాసేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది. ఇన్నేళ్ళు ఇతరుల తరఫున దీర్ఘంగా ప్రార్థిస్తూ పిటిషన్లు రాసిన చెయ్యి అది. అడుక్కోకుండా ఒక మాట రాయడం మొదటిసారి. అది చెల్లని తీర్పని ఆ క్షణంలో ఆమెకు గుర్తు కూడా లేదు.

*

మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఛాంబరుకు వెళ్ళి కవరు ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయబోయాడు.

"సర్, మీరు ఒక్కసారి ముందు చదివితే..."

"ముందు చదవకూడదమ్మా. నా తీర్పు చెప్పాకే మీది తెరవాలి. అది పద్ధతి."

"ఒక పాయింటుంది సర్. లాయర్లెవరూ..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. కోపంగా కాదు, రోడ్డు దాటబోయే పిల్లను ఆపినట్టు. "చెప్పకండి. వాళ్ళు వాదించని మాట మీ నోటివెంట నా చెవిన పడకూడదు. రేపు ఎవరో వచ్చి, అయ్యగారి పక్కన కూర్చున్నావిడ చెప్పింది, అయ్యగారు మార్చారు అంటారు. నిజమే అంటారు. ఇవాళ మీరు మంచి మాట చెప్తారు. ఆ తలుపు తెరిచాక రేపు ఇంకెవరో ఇంకేదో చెప్తారు. ఆపగలమా?"

ఆయన చెప్పేది తప్పని అనిపించినా బాగుండేది, కనీసం కోపం తెచ్చుకునేది. ఆయన చెప్పేది సరిగ్గానే ఉంది. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న అడిగితే తానూ ఇదే జవాబు చెప్పింది, పెద్దమనుషులు మెచ్చుకున్నారు.

"మీరు సాక్ష్యం ఇంకోసారి చదువుతారు కదా సర్," అంది చివరికి.

ఆయన బల్ల మీదా, కింద నేల మీదా, కిటికీ గట్టు మీదా దొంతర్లుగా ఉన్న కట్టల వైపు చూపించాడు. "చదువుతాను. ఇవన్నీ చదువుతాను," అన్నాడు. బంట్రోతు ఇంకో కట్ట తెచ్చి, చోటు లేక కుర్చీలో పెట్టి వెళ్ళాడు.

తీర్పుకు మిగిలిన ఆ రెండు రోజులూ ఆమె బీరువా తాళం వైపు చూడకుండా ఉండలేకపోయింది. ఒకసారి టైలరమ్మ లాయరు వరండాలో ఎదురై, నమస్కారం పెట్టి, చెవి మీద పెన్సిలుతో పక్కకు తప్పుకున్నాడు. చెప్పుల షాపు అని రెండు ముక్కలు అంటే చాలు. ఆమె నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, నమస్కారానికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

*

తీర్పు రోజు కోర్టు హాలు కిక్కిరిసి ఉంది, వేరే ఏదో కేసు కోసం. టైలరమ్మ కేసు వరసలో ముందే వచ్చింది. పెద్దాయన మొత్తం చదవలేదు, ఎవరూ చదవరు. చివరి మాటలు చదివాడు. యజమాని అవసరం నిజమైనదేనని కోర్టు నమ్ముతున్నది. యజమాని ఇవ్వజూపిన వెనక గదిని ప్రతివాది కారణం లేకుండా నిరాకరించినది. ప్రతివాది రెండు నెలల్లో గది ఖాళీ చేయవలెను.

బంట్రోతు తరవాతి కేసు పిలిచేశాడు. టైలరమ్మ ఇంకా నిలబడే ఉంది. తన కేసు అయిపోయిందని తెలియక, ఎవరో వచ్చి బోను దగ్గర నిలబడితే వాళ్ళకు దారిచ్చి, మళ్ళీ నిలబడింది. లాయరు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళుతుంటే వెనక్కి తిరిగి పక్క కుర్చీ వైపు చూసింది. చిన్న జడ్జి మెడ కదల్లేదు.

సాయంత్రం పెద్దాయన బీరువా తెరిచి కవరు చించాడు. నిలబడే చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చున్నాడు. ఒకచోట ఆగి, కేసు కట్ట తెప్పించుకుని, కొడుకు సాక్ష్యం పేజీ వెతికి, వేలు పెట్టి చదివాడు.

"నేనే రాయించాను ఇది," అన్నాడు.

వేలు ఆ పేజీ మీదే ఉంచి తల ఎత్తాడు.

"నాకు తట్టలేదమ్మా. మీరు రాసిందే సరైనది."

"అయితే సర్, మార్చడానికి..."

"కుదరదు. చదివి సంతకం పెట్టాక నేనూ బయటి మనిషినే. అక్షరం తప్పు పడితే దిద్దగలను, తీర్పు దిద్దలేను." ఆయన ముఖం ఒక్కసారిగా వయసు మీదపడినట్టు, అలిసిపోయినట్టు కనపడింది. "అప్పీలుంది. పై కోర్టులో ఇది నిలవదు. ఏమాత్రం చదివేవాళ్ళున్నా చెప్పుల షాపు దగ్గర పట్టుకుంటారు."

"ఆవిడ అప్పీలు చేస్తే కదా సర్. వాళ్ళ లాయరుకు నేను..."

"మీరు చెప్పకూడదు. నేనూ చెప్పకూడదు," అని ఆయన కలం తీశాడు. ఆమె రాసిన తీర్పు మీద నూటికి నూరు వేశాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ వేయలేదట. శిక్షణ నివేదికలో, న్యాయాధికారి పదవికి అన్ని విధాలా అర్హురాలు అని రాసి, సంతకం ఆరేదాకా ఊదాడు. కాగితం ఆమె చేతికిస్తూ ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు.

ఆమె బయటికొచ్చేసరికి వరండా ఖాళీ అయిపోయింది. బంట్రోతు ఆ చివర గదులకు తాళాలు వేస్తున్నాడు. గోడవార బెంచీ మీద టైలరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఈమెను చూసి లేచింది.

"మీకోసమే ఉన్నానమ్మా. మీతో మాట్లాడకూడదన్నారు లాయరుగారు. నేనే మాట్లాడతాను, మీరేం చెప్పొద్దు."

చిన్న జడ్జి అక్కడే ఆగిపోయింది. దాటి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు.

"ఆ రోజు నేను వెలుగు సంగతి చెప్తే మీరు ఊ కొట్టారు కదమ్మా. అంతమందిలో మీ ఒక్కరికే అర్థమైందనిపించింది. వాళ్ళు వెనక గది ఇస్తామన్నారు, లాయరుగారు తీసుకోమనే చెప్పారు. నేనే వద్దన్నాను. జడ్జమ్మ ఊ అన్నాక ఇంకెందుకు రాజీ అనుకున్నా." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "ఇప్పుడు వెనక గది కూడా ఇవ్వరట. సరే, అది నా రాత."

చిన్న జడ్జి చేతిలో నివేదిక ఉంది. రెండో చెయ్యి గోడకు ఆనించింది.

"పై కోర్టుకు పోవచ్చు అంటున్నారు లాయరుగారు. పోతే ఏమైనా ఉంటుందా అంటే, మీ ఇష్టమమ్మా అంటారు. ఆయనకీ తెలీదు. అందుకని మిమ్మల్నే అడుగుదామని." టైలరమ్మ ఇంకాస్త దగ్గరికి వచ్చింది. మెడలో టేపు లేదు ఇవాళ. "నోటితో ఏం చెప్పొద్దమ్మా. పొమ్మనేటట్టయితే, ఆ రోజులాగే ఒక్కసారి తల ఊపండి. చాలు."

వరండా చివర పెద్దాయన ఛాంబరు తలుపు తెరుచుకుంది. ఆయన సంచీ చేత్తో పట్టుకుని, వీళ్ళిద్దర్నీ చూసి, అక్కడే నిలబడిపోయాడు. పిలవలేదు. అటు తిరిగిపోనూ లేదు.

ఊపు, అంది చిన్న జడ్జి తనలో తాను. ఊపితే ఆ గుమ్మం నిలుస్తుంది. ఒక్కసారి ఊపి ఆవిణ్ణి ఎక్కడికి తెచ్చావో చూశావుగా, అని ఇంకో మాట వెంటనే వచ్చింది. ఆవిడ బతుకు నీ మెడ మీద ఆధారపడకూడదు. ఆధారపడి ఉంది. తల ఊపితే కాగితం మీద రాసిన అర్హురాలు అన్న మాట అబద్ధమవుతుంది, ఊపకపోతే అన్యాయమవుతుంది. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. మెడ మాత్రం, ఇన్నాళ్ళు ఎంత చెప్పినా మాట వినని మెడ, ఆ సాయంత్రం కొయ్యలా బిగుసుకుపోయింది.

టైలరమ్మ ఎదురుచూసింది. కథ మధ్యలో ఆగిన పిల్లలా ముఖం ఎత్తి చూసింది. తరవాత మెల్లగా తానే తల ఊపింది.

"సరేనమ్మా. అర్థమైంది. లేదని చెప్పలేక బాధపడుతున్నారు. బాధపడకండి," అని సంచీ భుజాన వేసుకుంది. "ఇంటికి పోయి మిషను సర్దుకుంటాను."

మెట్లు దిగి, గేటు దాటి, మలుపు తిరిగి కనుమరుగైంది. వరండా చివర పెద్దాయన కూడా అప్పటికి లేడు.

చిన్న జడ్జి ఖాళీ బెంచీ పక్కన నిలబడి ఉంది. గోడ మీంచి చెయ్యి తీసి, నివేదికను మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఊ," అంది.

తాళాల గుత్తితో అటుగా వస్తున్న బంట్రోతు ఆగాడు. "నన్ను పిలిచారామ్మా?"

"లేదు," అంది ఆమె.